శాలువా కంటే ముందు కాగితం: మన పంచాయతీలో బాగా పనిచేసేవాళ్లను గుర్తించడం ఎలా

మాది కోనసీమలో కాలువ చివరన ఉన్న ఊరు. ఏటా వేసవిలో ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కాలువలు కట్టేస్తారు, అంటే నీళ్లు ఆపేస్తారు. ఆలోగా మంచినీళ్ల చెరువు నిండాలి. నిండకపోతే మళ్లీ నీళ్లొదిలేదాకా ఊరంతా టిన్నులు పట్టుకుని తిరగాల్సిందే. చివరి ఊరు కాబట్టి పైవాళ్లు తోడుకోగా మిగిలిన నీళ్లే మాకు వస్తాయి, అవీ అర్ధరాత్రి దాటాకే.

ఒక ఏడాది మా పంపు ఆపరేటర్ పదకొండు రాత్రులు చెరువు గట్టు మీదే పడుకున్నాడు. తూము దగ్గర గుర్రపు డెక్క (నీళ్ల మీద పెరిగే కలుపు) అడ్డం పడితే రాత్రిపూటే నడుములోతు నీళ్లలోకి దిగి లాగేశాడు. ఆ వేసవి మా ఊళ్లోకి ఒక్క ట్యాంకరు రాలేదు. మేం సంతోషపడి, రామాలయం దగ్గర సభ పెట్టి శాలువా కప్పాం. అంతకుముందు కూడా రెండుసార్లు కప్పారట.

మరుసటి ఏడాది పైన ఒక ఆఫీసులో తాత్కాలిక సిబ్బంది జాబితా మళ్లీ రాశారు. అందులో ఆయన పేరు పోయింది. మేం పదిమంది వెళ్లి అడిగితే అక్కడున్న ఉద్యోగి మర్యాదగానే ఒక మాట అడిగాడు: "ఈయన బాగా పనిచేస్తాడని రాతపూర్వకంగా ఏమైనా ఉందాండీ?" మా దగ్గర ఫొటోలున్నాయి. కాగితం లేదు. ఆయన్ని మళ్లీ పనిలోకి తీసుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ ఆయన కొబ్బరి దింపు కూలికి వెళ్లాడు. "శాలువాలు మూడున్నాయండి బీరువాలో. ఒక్క కాయితం ముక్క ఉంటే సరిపోయేదండి" అన్నాడు నాతో. తప్పు పట్టినట్టు కూడా అనలేదు.

అప్పటి నుంచి మా ఊళ్లో కొందరం పద్ధతి మార్చుకున్నాం. ఆ పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. మీది గోదావరి మధ్య లంక గ్రామమైనా, పాలకొల్లు, మండపేట లాంటి మున్సిపాలిటీలో వార్డయినా పెద్దగా తేడా ఉండదు.

1. ముందు ఒక నోటుబుక్కు కొనండి

నలభై పేజీల నోటుబుక్కు చాలు. ఊళ్లో ఎవరైనా సిబ్బంది బాగా చేసిన పని కళ్లబడితే తేదీ, చోటు, ఏం చేశారు, ఎవరికి ఉపయోగపడింది అని నాలుగు ముక్కలు రాయండి. అదే రోజు రాయండి. వారం దాటితే "బాగా చేశాడు" అన్న మాట తప్ప ఇంకేమీ గుర్తుండదు. ఆ మాట ఏ అధికారికీ పనికిరాదు.

గుర్తుపెట్టుకోవడం మన నేలకు కొత్త కాదు. 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొరకు డెల్టాలో ఊరూరా విగ్రహాలున్నాయి. ఆయన పక్కన నిలబడి పని నడిపించిన వీణం వీరన్న గారికి రాయ్ బహదూర్ బిరుదు వచ్చింది. ఇద్దరి పేర్లూ ఎక్కడో ఒకచోట రాసి ఉన్నాయి కాబట్టి మనదాకా వచ్చాయి. అదే ఆనకట్టకు రాళ్లు మోసిన వేలమంది పేర్లు ఎవరూ రాయలేదు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు నోటుబుక్కు విలువ తెలుస్తుంది.

2. ఊళ్లో ఎవరెవరు పనిచేస్తున్నారో ముందు తెలుసుకోండి

చాలామందికి సర్పంచ్ గారు, కార్యదర్శి గారు తప్ప మిగతావాళ్లు తెలియరు. 2019 అక్టోబరు 2న కాకినాడ దగ్గరి మన కరప నుంచే గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. అప్పటి నుంచి ఊళ్లో ఉద్యోగుల సంఖ్య బాగా పెరిగింది. పంచాయతీ కార్యదర్శి, డిజిటల్ అసిస్టెంట్, సంక్షేమ అసిస్టెంట్, ఇంజినీరింగ్ అసిస్టెంట్, వీఆర్ఓ, సర్వేయరు, ఏఎన్ఎం, మహిళా పోలీసు, వ్యవసాయ అసిస్టెంట్, చెరువులున్న చోట మత్స్యశాఖ అసిస్టెంట్, కరెంటు చూసే ఎనర్జీ అసిస్టెంట్ ఉంటారు. వీళ్లు కాక పారిశుధ్య కార్మికులు, చెత్త బండి నడిపేవాళ్లు, పంపు ఆపరేటరు, వీధిలైట్లు చూసే కుర్రాడు.

జాబితా రాసేటప్పుడు ప్రతి పేరు పక్కనా రెండు విషయాలు రాసుకోండి. ఒకటి, పర్మినెంటా, ఔట్‌సోర్సింగా, పంచాయతీయే జీతం ఇస్తోందా. రెండోది, ఆయన పై అధికారి ఎవరు. ఈ రెండోది అందరూ వదిలేస్తారు, తర్వాత ఇబ్బంది పడేది అక్కడే. కార్యదర్శి గురించి ఎంపీడీఓకీ (మండల పరిషత్ అభివృద్ధి అధికారి), జిల్లా పంచాయతీ అధికారికీ రాయాలి. వీఆర్ఓ గురించి తహసీల్దారుకు, ఏఎన్ఎం గురించి పీహెచ్‌సీ వైద్యాధికారికి, కరెంటు పని గురించి విద్యుత్ శాఖ ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరు) రాయాలి. మున్సిపాలిటీలో అయితే కమిషనరు. కాలువ మీద పనిచేసే లస్కరు పంచాయతీ మనిషి కాడు, ఇరిగేషన్ శాఖ మనిషి. అయినా డెల్టాలో ఆయన మంచివాడైతే సగం ఊరు బతుకుతుంది కాబట్టి ఆయన్నీ జాబితాలో పెట్టండి, ఉత్తరం మాత్రం ఇరిగేషన్ ఏఈకి వెళ్లాలి.

3. చివరి కుళాయి ఇంటికి వెళ్లండి

ఎవరు బాగా పనిచేస్తున్నారో రచ్చబండ దగ్గర అడిగితే సెంటరులో కనిపించేవాళ్ల పేర్లే చెబుతారు. మేం ఒక నియమం పెట్టుకున్నాం. నీళ్ల గురించి తెలియాలంటే పైపులైనులో చివరి కుళాయి ఎవరింట్లో ఉందో ఆ ఇంటికే వెళ్లి అడుగుతాం. చెత్త గురించి అయితే బండి చివరగా వెళ్లే వీధికి, పింఛను గురించి అయితే మంచం దిగలేని ముసలమ్మ ఉన్న ఇంటికి వెళ్తాం. అక్కడ మంచి మాట వినిపిస్తే ఆ మనిషి నిజంగా పనిచేస్తున్నట్టే.

ఇలా అడుగుతూ వెళ్తే మాకు ఒక ఆశ్చర్యం ఎదురైంది. 2022 జూలైలో గోదావరి పొంగి, ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటిన రోజుల్లో మా దగ్గరి స్కూల్లో లంక కుటుంబాలు తలదాచుకున్నాయి. పడవల మీద నీళ్ల ప్యాకెట్లు, పాలు పట్టుకెళ్లినవాళ్లందరికీ తర్వాత మెప్పు దక్కింది. వాళ్లు దానికి అర్హులే. కానీ చాలా రోజులయ్యాక ఒక లంక ఆడపడుచు మాతో అంది: "మాకు అన్నం అందరూ పెట్టారండీ. ఆ స్కూలు మరుగుదొడ్లు రోజుకు మూడుసార్లు కడిగిన అమ్మాయిని ఎవరైనా పలకరించారాండీ?" అంతమంది ఒకే చోట ఉంటే ముందు వచ్చేది వాంతులు, విరేచనాలే. అక్కడ ఒక్క పిల్లాడికీ ఆ జబ్బు రాలేదు. ఆ అమ్మాయి పేరు మా నోటుబుక్కులో లేదు. వెనక్కి వెళ్లి రాసుకున్నాం.

అడగడానికి ఒక్కరే వెళ్లకండి, నలుగురైదుగురు వెళ్లండి. డ్వాక్రా గ్రూపు లీడరు, బడి టీచరు, కాలనీ నుంచి ఒకరు, మత్స్యకారుల పాలెం నుంచి ఒకరు, చదువుకున్న కుర్రాడు ఒకడు. సిబ్బందికి బంధువులైనవాళ్లు ఇందులో ఉండకూడదు. ఆఫీసులో సొంత ఫైలు పెండింగ్‌లో ఉన్నవాళ్లు కూడా ఉండకూడదు. ఈ రెండో షరతు దగ్గర మొహమాటపడితే పనంతా చెడుతుంది. మన మెప్పు కాస్తా లంచంలా కనిపిస్తుంది.

4. డ్యూటీకీ, గొప్ప పనికీ తేడా ఎక్కడ

ఇది తేల్చుకోవడమే అన్నిటికన్నా కష్టం. పొద్దున్నే వచ్చి వీధి ఊడవడం డ్యూటీ. దానికి ధన్యవాదం చెప్పాలి, కానీ అవార్డు అక్కర్లేదు. అలాగని పెద్ద సాహసం చేస్తేనే గొప్ప పని అనుకుంటే, మెల్లగా, నమ్మకంగా పనిచేసేవాళ్లంతా లెక్కలోకి రాకుండా పోతారు.

నేను చూసేది ఇది. సమస్య రాకముందే పసిగట్టారా? తుఫాను హెచ్చరిక వచ్చాక కాకుండా, తొలకరికి ముందే మురుగు కోడులో (మురుగునీరు పోయే కాలువ) పూడిక తీయించిన ఇంజినీరింగ్ అసిస్టెంట్ నా దృష్టిలో పెద్ద మనిషి. ఆయన చేసిన పని ఎవరికీ కనిపించదు, ఎందుకంటే చేలు మునగలేదు. మునగని చేను గురించి పేపర్లో రాయరు.

ఇంకోటి, ఆ మనిషి సెలవులో ఉన్నా పని నడుస్తోందా అని చూస్తాను. మా సచివాలయంలో ఒక డిజిటల్ అసిస్టెంట్ ఏ సర్టిఫికెట్‌కు ఏ కాగితాలు కావాలో పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించింది. ఆ అమ్మాయి లేని రోజున కూడా జనం రెండోసారి తిరగక్కర్లేదు.

నీళ్ల విషయంలో రుజువు ఇంట్లోనే దొరుకుతుంది. కుళాయి నీటిలో క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి, పరీక్ష మందు చుక్కలు వేస్తే క్లోరిన్ ఉన్న నీళ్లు లేత పసుపు రంగుకు తిరుగుతాయి. రంగు రాలేదంటే ట్యాంకులో బ్లీచింగ్ సరిగ్గా కలవలేదని అర్థం. మా పంపు ఆపరేటరు ఈ పరీక్ష ట్యాంకు దగ్గర చేసి ఊరుకోడు. సైకిలేసుకుని చివరి కుళాయి దగ్గరికి వెళ్లి చేస్తాడు, పుస్తకంలో రాస్తాడు. ఆ పుస్తకం నేను చూశాను. తడిసి, అట్ట ఊడి, రబ్బరు బ్యాండు వేసి ఉంది. ఒక్క రోజు కూడా తప్పలేదు. గొప్ప పని అంటే నాకు ఆ పుస్తకమే గుర్తొస్తుంది.

5. రుజువులు పోగుచేయండి

ఒక పనికి మూడు రుజువులుంటే చాలు: పని జరిగిన చోట ఫొటో (వీలైతే పనికి ముందు ఒకటి, తర్వాత ఒకటి), రిజిస్టరు లేదా రసీదు లాంటి రికార్డు, లబ్ధి పొందిన ఇద్దరు ముగ్గురి సంతకాలో వేలిముద్రలో. రికార్డు చూపించమని మర్యాదగా అడిగితే చాలాసార్లు చూపిస్తారు. లేదంటే సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దరఖాస్తుకు ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఆర్టీఐ అనగానే ఆఫీసులో అందరికీ టెన్షన్ కాబట్టి, "మీవాళ్లు చేసిన మంచి పని రికార్డు కోసం అడుగుతున్నామండీ" అని ముందే ఒక మాట చెప్పండి. మేం అలా చెప్పినప్పుడు దరఖాస్తు అవసరమే పడలేదు, రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టారు.

పంచాయతీ ఖర్చుల సంగతైతే ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్లో మన ఊరి పేరు కొట్టి ఎవరైనా చూసుకోవచ్చు.

6. ఉత్తరం రాయండి. అసలు పని ఇదే

"ఎనలేని సేవలు", "నిస్వార్థ కృషి", "ఆదర్శప్రాయుడు" లాంటి మాటలు రాయకండి. ప్రతి శాలువా సభలోనూ వినీ వినీ వాటికి బరువు పోయింది. అంకె రాయండి, తేదీ రాయండి, జరిగింది రాయండి. మా పంపు ఆపరేటరు గురించి మేం చివరికి రాసిన ఉత్తరం దాదాపు ఇలా ఉంటుంది:

"మండల పరిషత్ అభివృద్ధి అధికారి గారికి నమస్కారం. మా పంచాయతీ పంపు ఆపరేటరు శ్రీ (పేరు) గారు కాలువలు కట్టేయడానికి ముందు పదకొండు రాత్రులు చెరువు గట్టు మీద ఉండి, మంచినీళ్ల చెరువును పూర్తిగా నింపారు. తూముకు అడ్డుపడిన గుర్రపు డెక్కను స్వయంగా తొలగించారు. ఆ వేసవిలో మా ఊరికి ట్యాంకరు నీళ్లు అవసరం పడలేదు. అంతకుముందు ఏడాది ట్యాంకర్లకు పంచాయతీ పెట్టిన ఖర్చు వివరం జతచేశాం. రోజూ చివరి కుళాయి దగ్గర క్లోరిన్ పరీక్ష చేసి పుస్తకంలో నమోదు చేస్తున్నారు. పేజీల నకలు జతచేశాం. ఈ ఉత్తరాన్ని ఆయన వ్యక్తిగత ఫైలులో చేర్చి, ఆయనకు ఒక ప్రతి ఇప్పించవలసిందిగా కోరుతున్నాం."

చివరి వాక్యం మరిచిపోకండి. ఫైలులో చేర్చమని అడగకపోతే ఉత్తరం బల్ల మీదే ఉండిపోతుంది. పర్మినెంటు ఉద్యోగి అయితే సర్వీసు రిజిస్టరు ఉంటుంది, దాని సంగతి పై అధికారి చూసుకుంటారు. ఔట్‌సోర్సింగ్ మనిషికి అలాంటి రిజిస్టరు ఉండదు. అందుకే ఆయన చేతిలో సంతకం, స్టాంపు ఉన్న ప్రతి ఒకటి ఉండి తీరాలి. ఆయన్ని పెట్టుకున్న ఏజెన్సీకి కూడా ఒక ప్రతి పంపండి.

ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. ఆఫీసులో ఉత్తరాలు తీసుకునే ఇన్‌వర్డ్‌లో ఇచ్చి, మీ ప్రతి మీద తేదీ స్టాంపు వేయించుకోండి. ఆ స్టాంపు వేసిన కాగితమే తర్వాత మీకు ఆధారం.

7. గ్రామసభలో తీర్మానం

ఉత్తరం పదిమంది మాట. గ్రామసభ తీర్మానం ఊరి మాట. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే, 1994 పంచాయతీరాజ్ చట్టం ఇచ్చిన హక్కు ఇది. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టినప్పుడు మా ఊళ్లో చాలామంది మొదటిసారి గ్రామసభ చూశారు.

సభకు వారం ముందే సర్పంచ్ గారికీ, కార్యదర్శి గారికీ కాగితం ఇచ్చి అజెండాలో చేర్చమని అడగండి. సభలో హఠాత్తుగా లేచి పేరు చెబితే వేరే వర్గంవాళ్లు ఇంకో పేరు చెబుతారు, గొడవవుతుంది. అజెండాలో ఉంటే రుజువులు అందరూ ముందే చూస్తారు. తీర్మానం మీటింగు పుస్తకంలో రాశాక ధ్రువీకరించిన నకలు తీసుకోండి. మాకు ఒకసారి సభలో చప్పట్లు కొట్టారు గానీ పుస్తకంలో రాయలేదు. ఇప్పుడు పుస్తకంలోకి ఎక్కేదాకా మా డ్వాక్రా అక్క ఒకావిడ అక్కడే కూర్చుంటుంది. "రాసెయ్యి బాబూ, ఎల్లిపోతాను" అంటుంది.

8. పైకి ఎలా, ఎప్పుడు పంపాలి

ఆగస్టు 15, జనవరి 26 వేడుకల్లో జిల్లా కలెక్టరు ఉత్తమ సేవలకు ప్రశంసాపత్రాలు ఇస్తారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఇది మనకు దగ్గరైంది. కోనసీమవాళ్లకు అమలాపురం, పశ్చిమ గోదావరివాళ్లకు భీమవరం, తూర్పు గోదావరివాళ్లకు రాజమహేంద్రవరం. పేర్లు శాఖల నుంచి కలెక్టరేటుకు ముందే వెళ్తాయి కాబట్టి వేడుకకు రెండు రోజుల ముందు పరుగెత్తితే లాభం లేదు. ఆగస్టు కోసం జూలై మొదటి వారానికి, జనవరి కోసం డిసెంబరు మొదటి వారానికి మీ ఉత్తరం, తీర్మానం నకలు శాఖ జిల్లా అధికారి దగ్గర ఉండేలా చూడండి. సంక్రాంతి దగ్గరపడ్డాక మన జిల్లాల్లో ఏ ఆఫీసు పనీ కదలదు, ఆ సంగతి మీకు చెప్పక్కర్లేదు.

సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు అందరూ ఫిర్యాదులతోనే వెళ్తారు. మేం ఒకసారి మెప్పు కాగితం పట్టుకుని లైన్లో నిలబడ్డాం. తీసుకున్న అధికారి మొదట ఏ గడిలో రాయాలో తెలియక ఆగి, చదివి, నవ్వి, మళ్లీ చదివారు. వారంలోపు ఎంపీడీఓ ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. ఫిర్యాదులున్నవాళ్లను వెనక్కి నెట్టకుండా, లైను పలచబడ్డాక వెళ్లండి.

9. పంచాయతీని, కౌన్సిల్‌ని గుర్తించాలంటే

ఒక మనిషి పని కళ్లకు కనిపిస్తుంది. పాలకవర్గం పని పుస్తకాల్లో కనిపిస్తుంది. సమావేశాలు సమయానికి జరిగాయా, చేసిన తీర్మానాల్లో ఎన్ని పనులయ్యాయి, ఇంటి పన్ను ఎంత వసూలైంది, ఆ డబ్బు ఎక్కడికి పోయింది అన్నవి చూడండి. చెత్త నుంచి సంపద కేంద్రం షెడ్డు తాళం తీసి ఉందా, లోపల ఎరువు తయారవుతోందా అన్నది వెళ్లి ముక్కుతో తెలుసుకోవాల్సిన సంగతి. మహిళా సర్పంచ్ ఉన్న చోట కుర్చీలో ఆవిడే కూర్చుంటోందా అని చూడండి. మన రాష్ట్రంలో సగం స్థానాలు ఆడవాళ్లవి. ఆవిడే సభ నడిపి, ఆవిడే సంతకం పెడుతున్న పంచాయతీకి నేను ఒక మార్కు ఎక్కువేస్తాను.

ఏకగ్రీవంగా ఎన్నికైన పంచాయతీకి ప్రభుత్వం ఇచ్చే ప్రోత్సాహక నిధిని పనికి వచ్చిన గుర్తింపుగా లెక్కపెట్టకండి. అది ఎన్నికకు ఇచ్చింది. పని ఆ తర్వాత మొదలవుతుంది.

నా మట్టుకు నేను పాలకవర్గంలో అన్నిటికన్నా మెచ్చేది, ఓట్లు పోతాయని తెలిసీ తీసుకున్న సరైన నిర్ణయాన్ని. మురుగు కోడు మీద కట్టిన కొట్లు తీయించడం, ఫిల్టరు బెడ్లలో ఇసుక మార్చడానికి నీటి పన్ను కొద్దిగా పెంచడం లాంటివి. ఇలాంటి వాటికి తిట్లు తప్ప సన్మానాలుండవు. ఊరు ఒక కాగితం మీద "మీరు చేసింది సరైన పని" అని రాసిస్తే, తర్వాత వచ్చే పాలకవర్గానికి కూడా ధైర్యం వస్తుంది.

పైస్థాయి గుర్తింపు కావాలంటే జాతీయ పంచాయతీ అవార్డులున్నాయి. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది, ఆ రోజునే ఏటా పంచాయతీరాజ్ దినోత్సవం. ఇప్పుడు ఈ అవార్డులు తొమ్మిది అంశాల మీద నడుస్తున్నాయి: పేదరికం లేని, ఆరోగ్యకరమైన, పిల్లలకు అనువైన, నీటి సమృద్ధి ఉన్న, పచ్చదనం పరిశుభ్రత ఉన్న, మౌలిక వసతులున్న, సామాజిక న్యాయం ఉన్న, సుపరిపాలన ఉన్న, మహిళలకు అనువైన పంచాయతీ. తొమ్మిదింటికీ ఎగబడకండి. మీ ఊరికి బలమున్న ఒక్కటి పట్టుకోండి. డెల్టా ఊళ్లకు నీళ్లు, పరిశుభ్రత సహజంగా దగ్గర.

దీంతో పాటు పంచాయతీ అడ్వాన్స్‌మెంట్ ఇండెక్స్ అని కేంద్రం మార్కులిస్తోంది. 2022-23 సంవత్సరానికి సంబంధించిన మొదటి నివేదిక 2025 ఏప్రిల్‌లో వచ్చింది. వందకు 90 దాటితే అచీవర్, 75 నుంచి 90 ఫ్రంట్ రన్నర్, 60 నుంచి 75 పెర్ఫార్మర్, 40 నుంచి 60 యాస్పిరెంట్, అంతకన్నా తక్కువైతే బిగినర్. మార్కులు వచ్చేది పంచాయతీ ఎక్కించిన వివరాలను బట్టే. ఊళ్లో పని జరిగినా కంప్యూటర్లో ఎక్కకపోతే సున్నా. అందుకే చదువుకున్న పిల్లలు ఇద్దరు ఓ నాలుగు సాయంత్రాలు సచివాలయంలో కూర్చుని వివరాలు సరిచూడటంలో సాయపడితే, అది కూడా పంచాయతీకి చేసే గౌరవమే. మున్సిపాలిటీలకైతే 2016 నుంచి స్వచ్ఛ సర్వేక్షణ్ ఉంది. ఆ సర్వేలో పౌరుల అభిప్రాయం కూడా అడుగుతారు. అడిగినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పండి.

10. ఇక సన్మానం

కాగితం పని పూర్తయ్యాక సన్మానం తప్పకుండా చేయండి. మనిషికి నలుగురిలో గౌరవం కావాలి, అందులో తప్పేమీ లేదు. కొన్ని జాగ్రత్తలు మాత్రం తీసుకోవాలి.

ప్రభుత్వ ఉద్యోగులకు 1964 ప్రవర్తనా నియమావళి ఉంది. బహుమతుల విషయంలో దానికి హద్దులున్నాయి. అందుకని ముందుగా పై అధికారికి చెప్పి అనుమతి తీసుకోండి. డబ్బు, బంగారం, కవర్లు వద్దు. ఎన్నికల కోడ్ అమల్లో ఉన్నప్పుడు సభ పెట్టకండి. ఏ పార్టీ నాయకుడి ఫొటో ఫ్లెక్సీ మీద ఉండకూడదు. ఈ ఒక్క నియమం దగ్గర మాకు రెండుసార్లు మాటామాటా పెరిగింది, అయినా వదల్లేదు.

సమయం వాళ్లకు కుదిరేది పెట్టండి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి వీధులు ఊడ్చే అమ్మను రాత్రి తొమ్మిదింటి సభకు పిలిస్తే అది శిక్ష. మేం సాయంత్రం నాలుగున్నరకు పెడతాం. సభలో కుర్చీలు వేసేది, తర్వాత ఊడ్చేది ఆ రోజు మేమే. ఒకసారి సన్మానం పొందాల్సిన పారిశుధ్య కార్మికురాలే సభ ముగిశాక చీపురు పట్టుకోవడం చూశాను. ఆ దృశ్యం నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

పారిశుధ్య పనిలో ఉన్నవాళ్లలో ఎక్కువమంది దళిత కుటుంబాలవాళ్లు. వేదిక మీద వాళ్లకు కుర్చీ ఉండాలి, పెద్దలతో పాటు అదే వరసలో. భోజనాలు పెడితే అదే పంక్తిలో. ఇందులో ఎవరికైనా అభ్యంతరం ఉంటే సన్మానం ఆపేసి ముందు ఆ సంగతి తేల్చుకోవాలి.

ఇంటివాళ్లను పిలవండి. ఉత్తరాన్ని మైకులో మొత్తం చదవండి, సారాంశం చెప్పి వదిలేయకండి. మా పంపు ఆపరేటరు ఉత్తరం చదివినప్పుడు ఆయన కూతురు మొదటి వరసలో ఉంది. "పదకొండు రాత్రులు" అన్నచోట తండ్రి వైపు తిరిగి చూసింది. ఆ రాత్రులు ఎక్కడున్నాడో ఆయన ఇంట్లో చెప్పలేదట, "డ్యూటీ" అని మాత్రం అన్నాడట. ఆయన మైకులో ఒక్క మాటే మాట్లాడాడు: "నీళ్లు జాగర్తగా వాడుకోండి."

11. తర్వాత చేయాల్సింది

నెలన్నర గడిచాక ఆఫీసుకు వెళ్లి, ఉత్తరం ఫైలులో చేరిందో లేదో అడగండి. చేరకపోతే స్టాంపు వేసిన మీ ప్రతి చూపించండి. అధికారి బదిలీ అయితే కొత్తగా వచ్చినవారికి మొదటి నెలలోనే మళ్లీ ఒక ప్రతి ఇవ్వండి. ఔట్‌సోర్సింగ్ ఒప్పందాలు మళ్లీ రాసే నెల ఏదో తెలుసుకుని, దానికి ముందే ఇంకొకటి ఇవ్వండి. మెప్పు కాగితాల నకళ్లన్నీ గ్రంథాలయంలోనో, బడిలోనో ఒక ఫైలులో ఉంచండి. ఒక్కరింట్లో ఉంటే వరదొచ్చినప్పుడు పోతాయి. మావి ఒకసారి అలాగే పోయాయి, ఇప్పుడు ఫోనుల్లో కూడా ఫొటోలు తీసి ఉంచాం.

ఈ ఏడాది కాలువలు కట్టేయడానికి ఇంకా పద్దెనిమిది రోజులుంది. నిన్న సాయంత్రం చెరువు దగ్గరికి వెళ్తే మా పంపు ఆపరేటరు తూము దగ్గర కొత్త ఇనుప జల్లెడ బిగిస్తున్నాడు, గుర్రపు డెక్క లోపలికి రాకుండా. పక్కన కొత్తగా చేరిన కుర్రాడికి బోల్టు ఎటు తిప్పాలో చూపిస్తున్నాడు. నోటుబుక్కులో తేదీ వేసి ఇద్దరి పేర్లూ రాసుకున్నాను.